క్యాంపింగ్‌కు మడత చాకు ఎంచుకోవడం ఎలా

మడత చాకు కొనబోయేవాళ్ల చూపు ముందు బ్లేడు మీదికే పోతుంది. ఎంత పొడుగు, ఎంత మందం, ఏ స్టీలు అని అడుగుతారు. ముందు చూడాల్సింది కీలు. మడవని కత్తిలో బ్లేడు లోహమే పిడి లోపలికి సాగి ఉంటుంది కాబట్టి ఒత్తిడి పిడి అంతటికీ పంచుకుపోతుంది. మడత చాకులో ఆ భారమంతా కొద్ది మిల్లీమీటర్ల లావున్న ఒక ఇరుసు మీద, తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే గోరంత లాక్ ముక్క మీద పడుతుంది. క్యాంపులో చాకు వదులైనా, విరిగినా, వేళ్ల మీదికి మూసుకుపోయినా గొడవ చాలావరకు అక్కడే మొదలవుతుంది. కింది వరుసలో చూసుకుంటూ వెళ్తే ఆ కీలు ఏ పనికి తట్టుకుంటుందో, ఏ పనికి తట్టుకోదో కొనకముందే తేలిపోతుంది.

1. పనుల జాబితా రాసుకోండి

క్యాంపులో మీరు నిజంగా కోసేవేమిటో కాగితం మీద పెట్టండి. మామూలుగా తేలేవి ఇవి: కూరగాయలు, బ్రెడ్డు, మాంసం, ప్యాకెట్లు, టేపు, 3 నుంచి 6 మి.మీ. లావు తాళ్లు, గుడారం మేకులుగా చెక్కే కొమ్మలు, మంట రాజేయడానికి పుల్ల మీద రేకులు రేకులుగా లేపే చెక్క పొరలు. చాలామంది జాబితాలో సగం వంట పనే ఉంటుంది. చాకు కొనేటప్పుడు మాత్రం అడవిలో ఒంటరిగా బతికే సన్నివేశం కళ్ల ముందు ఆడుతుంది. తెచ్చుకున్న మందపాటి చాకు ఉల్లిపాయ దగ్గర తేలిపోతుంది.

దాని పక్కనే రెండో జాబితా రాయండి. మడత చాకుతో చేయని పనులు: బ్లేడు వీపు మీద కట్టెతో కొట్టి దుంగ చీల్చడం, డబ్బా మూత ఎత్తడం, నేల తవ్వడం, మొన గుచ్చి మెలితిప్పడం. దుంగ చీల్చేటప్పుడు ప్రతి దెబ్బా ఇరుసును, బ్లేడు ఆగే పిన్నును, లాక్‌ను ఒకేసారి కుదిపేస్తుంది. ఒకటి రెండుసార్లకు ఏమీ కాకపోవచ్చు. ఆ తర్వాత బ్లేడు ఊగడం మొదలవుతుంది, అది మళ్లీ బిగుసుకోదు. దుంగలు చీల్చక తప్పదనుకుంటే మడవని కత్తి గానీ చిన్న గొడ్డలి గానీ తీసుకోండి. కొమ్మలు కోసుకుంటే చాలనుకుంటే ఒక మడత రంపం, ఒక సన్నటి మడత చాకు కలిపి పెట్టుకోండి. బరువు పెద్దగా పెరగదు, పని మాత్రం ఏ భారీ చాకూ చేయలేనంత జరుగుతుంది.

2. వెళ్లే చోట చట్టం చూడండి

దీన్ని చివరికి వదిలేస్తే కొన్నది ఇంట్లోనే ఉండిపోవచ్చు. చట్టాలు మామూలుగా మూడు విషయాలు పట్టుకుంటాయి: బ్లేడు పొడవు, లాక్ ఉందా లేదా, ఒంటిచేత్తో లేదా స్ప్రింగ్‌తో తెరుచుకుంటుందా. బ్రిటన్‌లో కారణం చూపకుండా వెంట ఉంచుకోదగ్గది 3 అంగుళాలకు, అంటే 7.62 సెం.మీ.కు మించని, లాక్ లేని మడత చాకు మాత్రమే. జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకును తగిన కారణం లేకుండా బయట తిప్పకూడదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకుల మీద చాలా దేశాల్లో నిషేధమో పరిమితో ఉంది. విమానంలో చేతి సంచిలో పెట్టకండి. చెకిన్ సామానులో, మొన బయటికి రాకుండా చుట్టి పెట్టండి.

3. పొడవు, బరువు

బ్లేడు 7 నుంచి 9.5 సెం.మీ. మధ్య ఉండాలి. 7 కంటే తక్కువైతే బ్రెడ్డు, పెద్ద ఉల్లిపాయ ఒక్క కోతలో తెగవు, కోసినవైపు నుంచి ఒకసారి, అవతలి నుంచి ఒకసారి కోయాలి. 10 దాటితే మొన దగ్గర పెట్టిన బలం కీలు దగ్గర ఇంకా ఎక్కువ మెలిపెడుతుంది. పైగా చెక్కేటప్పుడు మొన ఎక్కడుందో చేతికి తెలియదు. ఒకటే తీసుకోవాలంటే 8.5 సెం.మీ. దగ్గర ఆగండి.

పిడి పొడవును మీ అరచేతితో కొలవండి. నాలుగు వేళ్లూ పిడి మీద ఆనాలి, చిటికెనవేలు గాల్లో ఉండకూడదు. పెద్దవాళ్లకు ఇది మామూలుగా 10 నుంచి 12 సెం.మీ. దగ్గర తేలుతుంది.

బరువు విషయంలో రెండు పాత చాకులను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఒపినెల్ 8వ నంబరు బ్లేడు 8.5 సెం.మీ., బరువు 45 గ్రాముల దరిదాపుల్లో. బక్ 110 బ్లేడు సుమారు 9.5 సెం.మీ., బరువు 200 గ్రాములు. అదనంగా వచ్చిన బ్లేడు ఒక్క సెంటీమీటరు, పెరిగిన బరువు నాలుగింతలు. బక్ 110లో ఆ బరువు ఎక్కువగా ఇత్తడి భాగాలది. బలం కోసం మోయాలనుకునేవాళ్లు మోస్తారు. నడిచి వెళ్లే క్యాంపుకు 50 నుంచి 120 గ్రాముల మధ్య చూసుకోండి.

4. లాక్ రకం ఎంచుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఏ లాక్ ఎంత బలమైనదనే వాదన కంటే, ఏది ఎలా తప్పుతుందో తెలుసుకోవడం మేలు.

ముందుగా బలం ఏ దిక్కున పడుతుందో చూడండి. అంచుతో కిందికి నొక్కి కోస్తే ఆ ఒత్తిడి బ్లేడును తెరుచుకునే వైపుకే తోస్తుంది, కాబట్టి లాక్‌కు పనే లేదు. వీపు మీద ఒత్తిడి పడినప్పుడు, మొన గుచ్చినప్పుడు, గట్టి చెక్కలో ఇరుక్కున్న బ్లేడును ఊపి లాగినప్పుడు అది మూసుకునే వైపుకు వెళ్తుంది. లాక్ అవసరమయ్యేది ఆ క్షణాలకే.

లాక్ లేనివి. బ్లేడును వెనకాల ఒక స్ప్రింగ్ పట్టి ఉంచుతుంది, అంతే. గోటితో గాడి పట్టుకుని తెరుస్తారు. స్విస్ ఆర్మీ చాకుల్లో ఎక్కువ భాగం, ముఖ్యంగా 91 మి.మీ. పొడవువి, ఈ రకమే. వీటిని చేసే విక్టోరినాక్స్ కంపెనీ 1884లో మొదలైంది. అధికారుల చాకు అని పేరుపడ్డ నమూనా 1897 నాటిది. వంటకు, తాళ్లకు, ప్యాకెట్లకు ఇవి నిక్షేపంగా సరిపోతాయి. వాటిలో ఉండే రంపం, దబ్బనం, డబ్బా ఓపెనర్ క్యాంపులో బ్లేడంత వాడకంలో ఉంటాయి. చెక్కకు రంధ్రం చేయడానికి బ్లేడు మొన గుచ్చితే మాత్రం అది వేళ్ల మీద మూసుకుంటుంది. ఆ పని దబ్బనానిది.

ఉంగరం లాక్. పిడి మెడ దగ్గర తిరిగే లోహపు ఉంగరం బ్లేడుకు అడ్డుపడుతుంది. ఒపినెల్ 1890 నాటి చాకు అయినా ఈ ఉంగరం దానికి 1955లో వచ్చింది. చెడిపోవడానికి భాగాలే లేవు, కుడి ఎడమ తేడా లేదు. తప్పేది రెండు చోట్ల: ఉంగరం తిప్పడం మరిచిపోవడం, తడికి చెక్క పిడి ఉబ్బి బ్లేడు బిగుసుకుపోవడం.

వెనక లాక్. పిడి వీపు మీద ఉండే కడ్డీ కొక్కెంలా బ్లేడు గాడిలో పడుతుంది. దీన్ని అందరికీ అలవాటు చేసింది 1964లో వచ్చిన బక్ 110. గట్టిది, ఏ చేతివాళ్లకైనా ఒకటే. గాడిలో చెత్త, ఎండిన పండు రసం చేరితే కడ్డీ పూర్తిగా దిగదు, అప్పుడు లాక్ పడినట్టే కనిపిస్తుంది, పడి ఉండదు. తెరిచిన ప్రతిసారీ టక్కుమన్న చప్పుడు వినండి. మెత్తగా పడితే గాడి శుభ్రం చేయాల్సిన వేళయింది. ఇంకో లోపం, బిగించి పట్టుకున్నప్పుడు అరచేయి కడ్డీ నొక్కుడు చోటు మీద పడడం. కొన్నింటిలో ఆ చోట లోపలికి పల్లంగా ఒక వంపు పెడతారు, అది ఇందుకే.

లోపలి పలక లాక్. పిడి లోపలున్న పలచటి స్టీలు పలక పక్కకు వంగి వచ్చి బ్లేడు మొదలుకు అడ్డుగా నిలుస్తుంది. ఇప్పుడు దొరికే చాకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, నాసిరకంగా తయారయ్యేదీ ఇదే. పలక మందం 1.2 మి.మీ. పైన ఉంటే నమ్మవచ్చు. తెరిచి చూసినప్పుడు పలక చివర బ్లేడు మొదలు వెడల్పులో మూడో వంతు నుంచి సగం వరకు వచ్చి ఆగాలి. అంచున మాత్రమే తగిలితే ఒత్తిడికి జారుతుంది. అవతలి గోడ దాకా వెళ్లిపోతే కొత్తగా ఉండగానే అరుగుదలకు చోటు లేదన్నమాట. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది కాబట్టి ఈ చాకులతో ఎక్కువ గాట్లు మూసే వేళే పడతాయి. ఎడమచేతివాళ్లకు మామూలుగా దొరికేవి ఇబ్బందిగా ఉంటాయి. పిడి సగభాగమే పలకగా పనిచేసే రకాన్ని ఫ్రేమ్ లాక్ అంటారు. చాకుల తయారీదారు క్రిస్ రీవ్ రూపొందించిన ఈ పద్ధతిలో పలక లావుగా ఉంటుంది, చెయ్యి బిగించిన కొద్దీ లాక్ ఇంకా బిగుస్తుంది.

అడ్డకడ్డీ లాక్. పిడికి అడ్డంగా ఉన్న చిన్న కడ్డీని రెండు సన్నటి స్ప్రింగులు ముందుకు తోస్తుంటాయి. బెంచ్‌మేడ్ కంపెనీ యాక్సిస్ లాక్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి, ఇప్పుడు ఇతరులూ చేస్తున్నారు. రెండు చేతులకూ పనికొస్తుంది, మూసేటప్పుడు వేళ్లు బ్లేడు దారిలో ఉండవు. స్ప్రింగ్ తీగ విరగడం దీని బలహీనత. ఒకటి విరిగినా రెండోది కొంతకాలం లాక్కొస్తుంది.

మొదటి క్యాంపు చాకుకు వెనక లాక్, అడ్డకడ్డీ, ఉంగరం, ఈ మూడింట్లో ఒకటి తీసుకోమనే చెబుతాం. లోపలి పలక రకం తీసుకుంటే 9వ అంకెలో చెప్పిన పరీక్షలన్నీ చేయకుండా తీసుకోవద్దు.

5. బ్లేడు రూపం, మందం

వీపు నుంచి మెల్లగా కిందికి వాలి మొన మధ్య గీత దగ్గరికి వచ్చే ఆకారం, డ్రాప్ పాయింట్, క్యాంపుకు అన్నిటికంటే పనికొస్తుంది. కూర కోయడానికి వంపు ఉంటుంది, చెక్కడానికి మొదలు దగ్గర తిన్నటి అంచు ఉంటుంది, మొన గట్టిగా ఉంటుంది. వీపు కోసేసినట్టు వంపు తిరిగే క్లిప్ పాయింట్ మొన సన్నగా, చురుగ్గా ఉంటుంది, గట్టి వాటిలో గుచ్చితే త్వరగా విరుగుతుంది. గొర్రె డెక్కలా మొన కిందికి దిగిన షీప్స్‌ఫుట్ తాళ్లకు, పిల్లలున్న చోట వాడకానికి మంచిది. కోణం పెట్టి చెక్కినట్టుండే టాంటో మొన చూడ్డానికి బాగుంటుంది, కూరగాయల పీట మీద ఎందుకూ కొరగాదు.

మందం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. వీపు దగ్గర 2 నుంచి 3 మి.మీ. చాలు. కోతను నిర్ణయించేది వీపు మందం కంటే, అంచుకు సరిగ్గా పైన ఉండే మందం. అక్కడ అర మిల్లీమీటరు లోపు ఉంటే బ్లేడు వస్తువులోకి జారుతుంది. మిల్లీమీటరుకు చేరువైతే చీలుస్తుంది. తెలుసుకోవడం తేలిక: క్యారట్‌ను అడ్డంగా కోయండి. సన్నటి బ్లేడు చప్పుడు లేకుండా దిగుతుంది. మందపాటిది సగంలో ఉండగానే క్యారట్ పట్‌మని పగులుతుంది. నూరి పదును తెచ్చినా ఈ లోపం పోదు, ఎందుకంటే అది పదునులో లేదు, అంచు వెనకున్న లోహంలో ఉంది. వీపు నుంచి అంచు దాకా ఏటవాలుగా చదునుగా దిగే బ్లేడులో ఈ బాధ తక్కువ. సగం దాకా నిటారుగా ఉండి అక్కడ్నుంచి గబుక్కున సన్నబడే బ్లేడులో ఎక్కువ.

అంచులో సగం రంపపు పళ్లున్నవి తీసుకోకండి. ఆ పళ్లు మొదలు దగ్గర ఉంటాయి, చెక్కపనికి బలమంతా పెట్టేది సరిగ్గా అక్కడే. నైలాన్ తాడును అవి బాగా తెంచుతాయి, నిజమే. నూరిన మామూలు అంచూ తెంచుతుంది. క్యాంపులో ఆ పళ్లను నూరాలంటే కొసకు సన్నబడే సాన కడ్డీ కావాలి.

నల్ల పూత ఉంటే తుప్పు నుంచి కొంత కాపు. అదే పూత కోతలో రాపిడి పెంచుతుంది, కొన్నాళ్లకు గీతలు పడి ఊడుతుంది. వంటకు వాడే చాకుకు పూత లేని బ్లేడు నయం.

ఫెర్రో కడ్డీ గీకి నిప్పురవ్వలు తెప్పించాలనుకునేవాళ్లు వీపు మూలలు చూసుకోవాలి. నున్నగా గుండ్రం చేసిన వీపు రవ్వలు రాల్చదు. ఇంకో మాట, ఆ గీకుడులో ఒత్తిడి వీపు మీద పడుతుంది, అంటే బ్లేడు మూసుకునే వైపుకు. లాక్ లేని చాకుతో ఆ పని చేయనే వద్దు. ఉంగరం లాక్ అయితే తిప్పారో లేదో చూసుకుని చేయండి. దీనికి విడిగా వచ్చే చిన్న గీకుడు పలక అన్నిటికంటే మంచిది.

6. స్టీలు

దీని గురించి జరిగే చర్చకు, క్యాంపులో అది తెచ్చే తేడాకు పొంతన లేదు. మూడు గుంపులు తెలిస్తే సరిపోతుంది.

కార్బన్ స్టీలు, 1095 లాంటివి, త్వరగా నూరుకుంటాయి, పదును బాగా ఎక్కుతుంది, తడి ఉంచితే ఒక్క రాత్రిలో తుప్పు మచ్చ పడుతుంది. పండ్లు కోస్తే బ్లేడు బూడిదరంగులోకి మారుతుంది. అది తుప్పు కాదు, తుడిచేయకండి, ఎర్ర తుప్పును కొంత ఆపేది ఆ పొరే.

మామూలు స్టెయిన్‌లెస్‌లు 420హెచ్‌సి, 12సి27, 8సిఆర్13ఎంఓవి, 14సి28ఎన్. వీటిలో క్రోమియం 13, 14 శాతం దగ్గర ఉంటుంది. చిన్న రాయి మీద పది నిమిషాల్లో పదును తిరిగొస్తుంది. క్యాంపుకు మా ఓటు వీటికే, ముఖ్యంగా 14సి28ఎన్‌కు.

ఎక్కువకాలం పదును నిలిపేవి ఎస్30వి, ఎస్35విఎన్, ఎం390 వంటివి. వీటిలో వెనేడియం కార్బైడ్లు, అంటే చాలా గట్టి సన్నటి రేణువులు, ఉంటాయి, అవి మామూలు సానరాయి కంటే గట్టివి, కాబట్టి డైమండ్ పలక కావాలి. నాలుగు రోజుల యాత్రకు ఇంట్లో నూరి తీసుకెళ్తే చివరిదాకా నడుస్తాయి. డి2ను ఈ రెంటి మధ్యా వేయవచ్చు. అందులో క్రోమియం 12 శాతమున్నా ఎక్కువ భాగం కార్బైడ్లలో చిక్కుకుని ఉంటుంది, అందుకే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. సముద్రం ఒడ్డున వాడాలంటే హెచ్1 గానీ ఎల్‌సి200ఎన్ గానీ వెతకండి. వీటిలో నైట్రోజన్ కలుపుతారు, ఉప్పునీటికి చలించవు.

పెట్టె మీద స్టీలు పేరు లేకుండా "సర్జికల్ స్టీల్" అనో, ఒట్టి "స్టెయిన్‌లెస్" అనో మాత్రమే ఉంటే దాన్నిబట్టి మీకు ఏమీ తెలిసినట్టు కాదు. గట్టితనం రాక్‌వెల్ సి అంకెల్లో ఇస్తారు: 56 నుంచి 58 అయితే అంచు వంగుతుంది గానీ విరగదు, తిరిగి నూరుకోవడం సులువు, 60 దాటితే పదును నిలుస్తుంది, కొమ్మ ముడిలో మెలిపెడితే అంచు పెళ్లలుగా ఊడుతుంది.

7. పిడి

పది నిమిషాలు ఒక కొమ్మ చెక్కితే పిడి సంగతి తెలిసిపోతుంది. కొనేచోట అది కుదరదు కాబట్టి ఇలా చూడండి. తెరిచి, లాక్ వేసి, గట్టిగా పట్టుకుని అర నిమిషం అలాగే ఉంచండి. చెయ్యి విప్పి అరచేయి చూసుకోండి. ఎర్రటి గీత గానీ గుంట గానీ పడితే ఆ చోటే రేపు బొబ్బ లేస్తుంది. ఎక్కువగా ఆ గీత జేబు క్లిప్‌దే. క్లిప్ ఊడదీసే వీలుంటే ఊడదీయండి, లేకపోతే అది వేళ్ల కిందికి రాని చాకు చూడండి.

వేళ్లకు ఒక్కోదానికి ఒక్కో గుంట చెక్కిన పిళ్లు ఒక్క పట్టుకే కుదురుతాయి. చెక్కేటప్పుడు పట్టు నాలుగు రకాలుగా మారుతుంది. అడ్డుకోతలో అండాకారంగా, సాదాగా ఉండే పిడి ఎప్పటికీ మేలు. బ్లేడు మొదలు దగ్గర వేలు ముందుకు జారకుండా చిన్న మెట్టు మాత్రం ఉండాలి.

జి10 (గాజుగుడ్డ పొరలను రెసిన్‌తో అతికించింది), మైకార్టా (మామూలు గుడ్డ పొరలను అలాగే అతికించింది), గాజునార కలిపిన నైలాన్: ఈ మూడూ తడిని పట్టించుకోవు. మైకార్టా తడిసిన కొద్దీ పట్టు పెరుగుతుంది. అల్యూమినియం, స్టీలు పిళ్లు చలిలో వేళ్లను కొరుకుతాయి, నూనె చేత్తో జారతాయి. చెక్క చేతికి అన్నిటికంటే హాయి, నీటికి ఉబ్బుతుంది. రంగు విషయంలో నారింజ గానీ పసుపు గానీ తీసుకోండి. ఎండుటాకుల్లో పడిన ఆకుపచ్చ పిడి చాకు మళ్లీ దొరకదు.

8. తెరిచే తీరు, లోపలి కూర్పు

ఇరుసు దగ్గర బేరింగులు ఉన్నవి వేలితో తోస్తే ఎగిరి తెరుచుకుంటాయి. ఇసుక దూరితే కరకరమంటాయి, విప్పదీసి కడగాల్సిందే. కంచు వాషర్లున్నవి కాస్త మెల్లగా తెరుచుకున్నా దుమ్ముకు ఓర్చుకుంటాయి. పిడి వెనక భాగం మూసి లేకుండా, మధ్యలో గుండ్రటి కడ్డీలతో మాత్రమే కలిపి ఉన్నవి నీళ్లు పోస్తే శుభ్రమైపోతాయి. వంటకు వాడే చాకుకు అది పెద్ద సుఖం. గ్లోవ్స్‌తో తెరవగలరో లేదో చూసుకోండి. గోటిగాడి రకాలు అక్కడ మొరాయిస్తాయి.

9. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

ఈ వరుసలోనే చేయండి, అయిదు నిమిషాలు పట్టదు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పిన రోజే, వాపసు గడువు దాటకముందే చేయండి, ఏమీ కోయకుండా.

మూసి ఉన్న చాకును పైనుంచి చూడండి. బ్లేడు రెండు గోడల మధ్యన ఉండాలి. కొంచెం ఒక పక్కకు ఉన్నా ఫర్వాలేదు, గోడకు రాసుకోకూడదు. మొన పిడి అంచు కంటే లోపలికి దిగి ఉండాలి. పిడి మీద ఒక గుడ్డ రాసి చూస్తే పైకి వచ్చిన మొన దానికి తగులుకుంటుంది.

పిడి పట్టుకుని, తెరుచుకునే వైపు కిందికి ఉంచి రెండు మూడుసార్లు విదిలించండి. బ్లేడు బయటికి రాకూడదు. వస్తే జేబులో కూడా వస్తుంది.

తెరిచి లాక్ వేయండి. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్లేడు రెండు చదును పక్కలు పట్టుకుని ముందు పక్కలకు, తర్వాత పైకీ కిందికీ ఊపండి. పక్కలకు కదిలితే ఇరుసు స్క్రూ బిగిస్తే పోవచ్చు. పైకీ కిందికీ కదిలితే అది లాక్ కూర్పులోని లోపం, స్క్రూతో పోదు. ఆ చాకు వద్దు.

వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వీపును చెక్క బల్ల అంచుకు ఆనించి మెల్లగా ఒత్తిడి పెంచండి. లాక్ కదలకూడదు, చప్పుడు చేయకూడదు. వీపుతో బల్లను ఠపీమని కొట్టి చూసే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల మంచి లాక్ ముఖం కూడా దెబ్బతింటుంది, చేయకండి.

పిడిని గట్టిగా బిగించి మణికట్టును అటూ ఇటూ మెలితిప్పండి. పలక గానీ కడ్డీ గానీ వేళ్ల ఒత్తిడికి జరిగితే తిప్పి ఇచ్చేయండి.

చివరగా పలుచటి కాగితాన్ని మొదలు నుంచి మొన దాకా ఒకే లాగులో కోయండి. ఒక చోట తగులుకుని చిరిగితే అక్కడ అంచు మీద పీచు మిగిలిందనో, చిన్న పెళ్ల ఊడిందనో అర్థం. అది నూరితే పోతుంది. మొదలు దగ్గర అరంగుళం అసలు పదునే లేకపోతే మాత్రం ఆలోచించండి, చెక్కపనికి ముఖ్యమైన చోటది.

10. బయల్దేరే ముందు

వేడి నీళ్లు, సబ్బుతో కడిగి ఫ్యాక్టరీ నూనె వదిలించండి, పూర్తిగా ఆరనివ్వండి. ఇరుసు దగ్గర ఒకే ఒక్క చుక్క ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ వేసి పదిసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చింది తుడిచేయండి. వంట నూనె వేయకండి, కొన్నాళ్లకు గమ్‌లా బిగుసుకుపోతుంది.

ఇరుసు స్క్రూ ఏ సైజో చూసుకోండి. ఎక్కువగా టి6, టి8, టి10 టార్క్స్, అంటే తల మీద నక్షత్రం ఆకారపు గాడి ఉన్నవి, ఉంటాయి. సరిపోయే బిట్ ఒకటి సామానులో వేసుకోండి. ఒక సైజు చిన్న బిట్‌తో తిప్పితే స్క్రూ తల గుండ్రమైపోయి ఇంక దేనికీ పట్టు చిక్కదు. ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ తెరిచి చూస్తూ, ఊగులాట పోయి కదలిక మిగిలిన చోట ఆపండి. స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే విప్పి, మరలు శుభ్రంగా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ సూదిమొనంత పెట్టి బిగించండి. ఎరుపు రంగుది వాడితే మళ్లీ విప్పాలంటే కాల్చాలి.

అంచు కోణం ఒక్కో పక్క 18 నుంచి 20 డిగ్రీలు ఉంటే వంటకూ చెక్కకూ మధ్యస్తంగా కుదురుతుంది. 15కు దింపితే టమాటా వెన్నలా తెగుతుంది, ఎండు కొమ్మ ముడి దగ్గర అంచు మడుచుకుంటుంది. క్యాంపుకు జేబులో పట్టే డైమండ్ పలక, 600 గ్రిట్ (గరుకుతనం అంకె) దగ్గరిది ఒకటి చాలు. రోజూ సాయంత్రం ఒక్కో పక్క అయిదారు లాగుళ్లు లాగితే మొద్దుబారే దాకా రాదు. పూర్తిగా మొద్దుబారిన అంచును చీకట్లో, ఒళ్లో పెట్టుకుని తిరిగి తేవడం ఎవరివల్లా కాదు.

11. అక్కడ వచ్చే చిక్కులు

ఇసుక దూరింది: తెరిచి మూయడం వెంటనే ఆపండి, ప్రతి కదలికకూ ఇసుక వాషర్లను గీరుతుంది. సగం తెరిచి నీళ్లలో ముంచి ఆడించండి, ఊదండి, ఆరబెట్టండి, తర్వాతే నూనె.

పండు రసం, జిగురు: గోరువెచ్చటి నీళ్లు. చెట్టు బంక అయితే నీళ్లకు లొంగదు, హ్యాండ్ శానిటైజర్ వేసి తుడిస్తే వదులుతుంది.

తుప్పు చుక్క: నూనె చుక్క వేసి మెత్తటి చెక్క ముక్కతో రుద్దండి. సముద్రపు నీరు తగిలిన రోజు ఏ స్టీలైనా మంచినీళ్లతో కడిగే పడుకోండి, ఇరుసు లోపలికి కూడా నీళ్లు పోసి.

చెక్క పిడి ఉబ్బి బ్లేడు రావడం లేదు: పట్టకారుతో లాగకండి, అంచు దెబ్బతింటుంది, అది వదిలిన క్షణంలో చేయి కూడా. ఉంగరం లాక్ విప్పి, వేళ్లు పిడి పక్కలకే ఉంచి, పిడి వెనక చివరను దుంగ మీద టక్కుమని తట్టండి. బ్లేడు మొన వైపు కొద్దిగా పైకి లేస్తుంది, అక్కడ గోటితో పట్టుకోవచ్చు. తర్వాత నీడలో, గాలి తగిలే చోట సగం తెరిచి ఉంచితే మర్నాటికి వదులవుతుంది. మంట పక్కన పెడితే పిడి పగులుతుంది. ఇంటికి వచ్చాక పిడి లోపలి గాడికి కూడా అవిసె నూనె పట్టించి, రెండు రోజులు ఆరనిచ్చి, మళ్లీ ఒక పూత వేస్తే తర్వాతి వానకు అంతగా ఉబ్బదు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టండి.